తొలిముద్ద

అమావాస్య! సాయంకాలం అయిదు గంటలు!

తక్కిన దేశంలో ఆ వేళకు పిల్లలు ఇంకా వీధుల్లో ఆడుకుంటూ ఉంటారు. అండమానులో మాత్రం కార్తీకం వచ్చిందంటే అయిదింటికే చీకటి... కళ్లు పొడుచుకున్నా కానరాని కటిక చీకటి! ఆకాశం ఫెళఫెళా ఉరిమింది. ఫెరార్‌గంజ్ దాటిన తర్వాత కొండ మలుపులో, పోకతోటల వెనుక, సముద్రం కనపడని, దాని ఘోష కూడా వినపడని ఒక పల్లంలో ఒక పాక ఉంది. ఆ పాక చూరు మీద వాలిన గుడ్లగూబ మెడ తిప్పి లోపలికి చూసింది... చటుక్కున ఎగిరిపోయింది. దానికి కూడా అక్కడ ఉండబుద్ధి కాలేదు.

లోపల రక్తవర్ణపు ముగ్గు! ముగ్గు నడుమ నడినెత్తి కోసి గిన్నెలా చేసిన కపాలం! అందులో ఏళ్ల తరబడి ఇంకిపోగా మిగిలిన గుక్కెడు ఉప్పునీరు. దాని ముందు పద్మాసనం వేసుకుని, చింతనిప్పుల్లాంటి కళ్లతో క్షుద్రోపాసకుడు యర్రయ్య!

సముద్రమంటే వాడికి హడలు. గంగమ్మ తల్లి కంట పడకూడదని దీవి అంతా గాలించి ఆ పల్లం వెతుక్కున్నాడు. వాడు చేసిన పనులు అటువంటివి మరి!

"రా... కామమ్మా... రా!" అంటూ యర్రయ్య కోడి నెత్తురు చుక్క కపాలంలో విదిలించాడు.

అదే క్షణంలో, అదే దీవిలోని గరాచర్మలో, కొత్త మేడలో, జబ్బుతో మంచం పట్టిన కామమ్మ దిగ్గున లేచి కూర్చుంది! కనుగుడ్లు పైకి తిరిగిపోయాయి. నెరిసిన జుట్టు విరబోసుకుంది. ఆ ముసలి గొంతులోంచి... హా! ఏడేళ్ల పసిదాని గొంతు!

"ఆకలి... అప్పా! ఆకలేస్తందే!"

మధ్యాహ్నం విమానంలో హైదరాబాదు నుంచి దిగిన కూతురు భాను గుమ్మంలోనే కూలబడిపోయింది. తల్లి ఒంటి మీదికి వచ్చింది ఎవరో ఆమెకు తెలుసు. ఎందుకు వచ్చిందో కూడా తెలుసు. ఈ భూమ్మీద ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు యర్రయ్య, రెండోది ఆమె.

భాను అంటే ఎవరో అనుకునేరు, వెండితెర తార భానే! ఊరూరా గోడల మీద నవ్వుతూ కనిపించే ఆ భానే! అయితే ఆ నవ్వు వెనుక ఏముందో వినండి.

మిన్నీ బేలో ఒక రేకుల ఇల్లు. తండ్రి నూకన్న చేపల వేటకు వెళ్లిన రోజు తాగేవాడు, వెళ్లని రోజు ఇంకా ఎక్కువ తాగేవాడు. తాగి వస్తే ముందు అన్నం కుండను తన్నేవాడు, తర్వాత మనుషులను. కామమ్మ చేపలమ్ముకుని తిరిగి వచ్చేసరికి ఆడపిల్లలిద్దరూ పడవల చాటున నక్కి ఉండేవారు. పెద్దది భాను, చిన్నది కళ. అక్కను అప్ప అనడం వాళ్ల వైపు అలవాటు. దొరికిన నాలుగు మెతుకులూ నోట్లో పెట్టుకోబోతూ కళ ఎప్పుడూ ఒకటే అడిగేది. "అప్పా, నువ్వు తిన్నావేటి?" తినలేదంటే అది కూడా తినేది కాదు, మొండిఘటం!

ఒకనాడు కుండ పగిలింది. అప్ప పొద్దుటినుంచీ పస్తు ఉందని కళ చిన్న బుట్ట పట్టుకుని రాళ్ల మీదికి గుల్లలు ఏరడానికి పోయింది. పోటు వచ్చింది... బుట్ట ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కళ రాలేదు!

సముద్రం మింగిన ఆడపిల్లను ఆ జాలరులు నీళ్లలో వదిలేయరు. మళ్లీ పోటు వచ్చే వేళ తల్లి ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలవాలి. అల పాదాలను తాకగానే ముంతలో నీళ్లు పట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి నడవాలి. అంతే... పిల్ల ఇంటికి వచ్చినట్టే! ఆనాటి నుంచి ఆమె ఆ ఇంటి పేరంటాలు, ఆ ఇంటిని కాచే దేవత. ఎవరు కంచం ముందు కూర్చున్నా తొలిముద్ద తీసి ముంత దగ్గర పెట్టాకే రెండో ముద్ద నోటికి! కామమ్మ అలాగే పిలిచింది, అలాగే తెచ్చింది. నూకన్న ఆ ఏడే ఓడెక్కి పోయాడు, మళ్లీ ఈ దీవి మొహం చూడలేదు. తల్లీ కూతుళ్లు తాము పస్తు ఉన్నా ముంతకు ముద్ద తప్పనివ్వలేదు.

భానుకు యుక్తవయసు వచ్చింది. దానితోపాటే సినిమా పిచ్చి! పాట తీయడానికి షూటింగువాళ్లు దీవికి వస్తే కాళ్లావేళ్లా పడి, చివరి వరసలో ఆడటానికి చోటు సంపాదించింది. కెమెరా ఆమె వైపు చూస్తేగా! ఆ అవమానంతో కుమిలి కుమిలి చివరికి యర్రయ్య పాక మెట్లెక్కింది.

వాడు ఆమె గడ్డం పట్టుకుని ఎగాదిగా చూశాడు. "మొకం బాగుంది గానీ సూపులో పేనం లేదు. మీ ఇంట్లో ముంత ఉంది గదా... అది పట్రా. దాని పేనం నీ కళ్లలో ఎడతాను. ఇయ్యాల్టి నుంచి తొలిముద్ద నువ్వే తినాల. ఒక్కనాడు ఆ గుంటకి, నీ సెల్లికి, ఎట్టినావా, అది మీ ఇంటి పేరంటాలయి నా సేతిలోంచి జారిపోద్ది. సమఝే?"

తల్లి చేపల బజారుకు వెళ్లిన పూట భాను ఆ ముంత ఎత్తుకుపోయింది. అవును, సొంత చెల్లెలిని! ఆ నీళ్లు కపాలంలో పడ్డప్పుడు పాకలో ఎక్కడో ఒక పిల్ల వెక్కిన శబ్దం స్పష్టంగా వినిపించింది. భాను చెవులు మూసుకుంది.

మర్నాడే కెమెరా చివరి వరస దాకా వెతుక్కుంటూ వచ్చింది! ఆపైన అంతా మీకు తెలిసిందే... ఒక సినిమా, దాని మీద ఇంకో సినిమా, దండలు, పాలాభిషేకాలు! ఆ పిల్ల కళ్లలో ఏదో ఉందిరా, గుండె పిండేస్తోందిరా అని మీరే కదా ఈలలు వేశారు? ఆ కళ్లలో ఉన్నది నటన కాదు మహాప్రభో... ఆకలితో ఏడ్చే ఏడేళ్ల పసిప్రాణం! మీరు చప్పట్లు కొట్టింది ఆ ఆకలికి!

షూటింగుల్లో కంచం ముందుకు వచ్చినప్పుడల్లా భాను గోడ వైపు తిరిగి, కళ్లు గట్టిగా మూసుకుని, తొలిముద్దను చేదుమందులా మింగేది. పాపం డైటింగు అనుకునేవారు. ఇక్కడ కామమ్మ కనిపించకుండా పోయిన ముంత కోసం ఇల్లంతా తవ్వి వెతికి, ఏనాడో తానే తొలిముద్ద మరిచి ఉంటానని, బిడ్డ అలిగి వెళ్లిపోయిందని కుళ్లి కుళ్లి మంచం పట్టింది. భాను ఆమెకు మేడ కట్టించింది, నర్సును పెట్టింది, పట్టుచీరలు పంపింది. అసలు చెప్పవలసిన ఒక్క మాట మాత్రం చెప్పలేదు. సిగ్గు... భయం... అంతకంటే మించి ఆశ!

ఆ అమావాస్య సాయంకాలం, భాను గుమ్మంలో కూలబడి ఉండగానే ఫోను మోగింది. యర్రయ్య!

"సూసినావేటి మీ యమ్మని? పాత నీళ్లు ఇంకిపోనాయి, నీ సెల్లి గుంట అరిగిపోనాది. నీ పేరు నిలబడాలంటే కొత్త పేనం కావాల. ఆ పేనం మీ యమ్మదే! మీ పొయ్యి మీద అన్నం వొండుకుని రా. నా ముందర తొలిముద్ద నువ్వు తిన్నావంటే ఈసారి జిందగీ భర్ హీరోయినువి."

"నేను రాను! మా అమ్మను వదిలెయ్!"

వాడు పకపకా నవ్వాడు. "సగం పేనం లాగీసినాను. రాకపోతే తెల్లారేసరికి మిగిలిందీ ఉండదు, నీ పేరూ ఉండదు. సోచ్ లే, ఆలోసించుకో."

భాను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. అప్పుడు వాడి మాట వినడానికే పెట్టిందో, వాడికి ఎదురు తిరగడానికే పెట్టిందో ఆమెకే తెలియదు. అన్నం ఉడుకుతుండగా కామమ్మకు ఒక్క క్షణం తెలివి వచ్చింది.

"కళ పిలస్తందే అమ్మీ... నానెల్లిపోతాను. నా వల్లే గదా దానికీ ఆకలి. ఏ పొద్దో మరిసిపోయుంటాను ముద్దెట్టడం."

"అమ్మా, అది కాదు..." అంది భాను. అప్పుడు కూడా నోరు రాలేదు. ఛీ, ఎంత పిరికి గుండె!

పక్కింటి కన్నబాబు తన టాక్సీ తీశాడు. కొండ మలుపు దగ్గరికి వచ్చేసరికి వాడు బండి నెమ్మది చేశాడు.

"దీదీ, యర్రయ్య కాడికి ఎల్లినోళ్లు బాగుపడినట్టు నాను సూళ్లేదు."

"నేను బాగుపడ్డాను కదా భయ్యా."

కన్నబాబు అద్దంలో ఆమె మొహం చూసి బండి ముందుకు పోనిచ్చాడు.

పెళపెళమని పిడుగు! పోకచెట్లు విరిగిపడేలా గాలి! భాను అన్నం గిన్నె గుండెకు అదుముకుని పాకలో అడుగుపెట్టింది. కపాలం ముందు యర్రయ్య విస్తరి పరిచాడు.

"ఎట్టు. కలుపు. తిను!"

ఆమె ముద్ద కలిపింది. చెయ్యి నోటి దగ్గరికి వచ్చింది. ఆ క్షణంలో ఆమె కళ్ల ముందు ఏం మెదిలిందో దాచడం ఎందుకు? జనసముద్రం! ఆకాశమంత కటౌటు! ఇంకా కావాలనిపించింది... తల్లి ప్రాణం పోతున్నా కావాలనిపించింది! అలా అనిపించినందుకు భానుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

ఇంతలో కపాలం అడుగున, పిల్లి కూనకంటే సన్నగా, అరిగిపోయిన గొంతు... "ఆకలి..."

"కళా!" భాను గావుకేక పెట్టింది. "తినవే నా తల్లీ! ఇది నీదే, ఇన్నేళ్లూ నీ ముద్ద నేనే మింగానే!"

తొలిముద్ద కపాలం ముందు పెట్టింది!

"ఒసే! ఏటి సేసినావే!" యర్రయ్య ఎగిరి గంతేసి ఆ ముద్ద లాగేయబోయాడు. చెయ్యి ముగ్గు దాటనే లేదు, వేళ్లు కొంకర్లు పోయాయి! ఉరుము ఆగిపోయింది. గాలి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో చిన్నపిల్ల బుగ్గ నిండా అన్నం పెట్టుకుని నమిలిన చప్పుడు... తర్వాత, ముద్దముద్దగా ఆ పాత మాటే!

"అప్పా... నువ్వు తిన్నావేటి?"

అయ్యో! తిట్టలేదు, శపించలేదు, నన్ను ఎందుకు అమ్మేశావని అడగలేదు! భాను నేల మీద పడి కడుపు చేత్తో పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే రెండో ముద్ద నోట్లో పెట్టుకుని, "తింటున్నానే... ఇదిగో, తింటున్నాను" అంది.

కపాలం కళ్ల గుంతల్లోంచి నీళ్లు కారాయి. కన్నీళ్లనుకున్నాడు యర్రయ్య. కాదు! అవి ధారలయ్యాయి, ఏరులయ్యాయి! ఉప్పు వాసన, నాచు వాసన, ఇసుక! ఏ సముద్రానికి భయపడి వాడు ఆ పల్లంలో దాక్కున్నాడో ఆ సముద్రమే బిడ్డ వెంట గుమ్మం దాటకుండానే వచ్చింది! ఆకలి తీరిన పేరంటాలికి గంగమ్మ తోడు నిలిచింది!

"హ్రీం... హ్రూం... ఆగు! ఆగవే గుంటా! నిన్ను బస్మం సేసేస్తాను!"

మంత్రం చదివే నోటినిండా ఉప్పునీరు నిండింది. నీరు భాను మడమలను మాత్రమే తడిపింది. వాడి చుట్టూ పాక కప్పు దాకా గోడలా లేచింది! ఆ నీటిగోడలో యర్రయ్య గుడ్లు వెళ్లబెట్టి, చేతులు కొట్టుకుంటూ, నోరు తెరిచి... ఒక్కటే కేక! అది కూడా బుడగలై పోయింది. కపాలం ఫెటిల్లున పగిలింది.

కొండ నడుమ పొడినేల మీద వాడి శవం కనిపించినప్పుడు ఊపిరితిత్తుల నిండా సముద్రపు నీరు ఉందట. ఎలా వచ్చిందో పోలీసులకు ఈనాటికీ అంతుపట్టలేదు.

అన్నం గిన్నెను ఆ ఉప్పునీటితో నింపుకుని భాను పాక దిగి నడిచింది. వెనుక తడి కాళ్ల చప్పుడు, చిన్న చిన్న అడుగులు. వెనక్కి తిరగలేదు.

"దీదీ, మీ యెనక ఎవరో పిల్ల..."

"చూడకు భయ్యా. బండి తియ్."

కన్నబాబు అద్దాన్ని బండి కప్పు వైపు తిప్పేసి గరాచర్మ దాకా అలాగే నడిపాడు.

ఇంట్లో కామమ్మ లేచి కూర్చుని ఉంది. కళ్లు తేటగా ఉన్నాయి. భాను గిన్నెను ఆమె ముందు పెట్టి, కాళ్లు పట్టుకుని, ముంత ఎత్తుకుపోయిన పూట దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పేసింది. తల్లి చెయ్యి పైకి లేచింది. కొడుతుందని భాను కళ్లు మూసుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. ఆ చెయ్యి వెళ్లి మంచం పక్కన నర్సు పెట్టిన కంచంలో తొలిముద్ద తీసి గిన్నె పక్కన పెట్టింది.

"ఇన్నేళ్లూ నా తప్పనుకున్నాను గదే," అంది కామమ్మ. 

కొత్త సినిమా వచ్చింది. మొహం అదే, నవ్వు అదే, చూపులో మాత్రం ఏమీ లేదని జనం సగంలోనే లేచిపోయారు. గోడల మీది బొమ్మల మీద వేరే బొమ్మలు పడ్డాయి. ఇప్పుడు భాను గరాచర్మ బస్సులో నిలబడి వెళ్తున్నా తలెత్తి చూసేవాళ్లు లేరు. దానికి ఆమెకు బాధ లేదు. బాధల్లా ఒక్కటే.

ప్రతి పూటా ఆ ఉప్పునీటి గిన్నె ముందు తొలిముద్ద పెడుతుంది. ప్రతి పూటా ఆ మూల నుంచి అదే పసిగొంతు అదే మాట అడుగుతుంది. "ఒక్కసారి తిట్టవే, నన్ను ఒక్కసారి తిట్టు!" అని భాను గోడకు తల బాదుకుని ఏడ్చిన రోజులు ఉన్నాయి. కళ తిట్టదు. అప్ప ముద్ద మింగే దాకా ఓపిగ్గా కూర్చుని, మళ్లీ అడుగుతుంది.

"తిన్నానే," అంటుంది భాను.