యాడికి గోడౌన్‌లో ఇరవై మూటలు

మంగళవారం మిట్టమధ్యాహ్నం అనంతపురం జిల్లా యాడికిలో బస్టాండు ఎదురుగా ఒక లారీ వచ్చి ఎస్టీడీ బూత్‌ను గుద్దింది. లోపల బాలప్ప ఫోన్‌లో ఉన్నాడు. అవతల జిలాన్ బాషాకు వినిపించిన ఆఖరి ముక్క ఇదే.

"సార్, మూటలు మారినాయి."

తర్వాత గాజు పగిలిన చప్పుడు. బాలప్ప అక్కడికక్కడే పోయాడు. రెండు రోజులైనా ఆ చప్పుడు జిలాన్ చెవిని వదల్లేదు. ఎలా వదులుతుంది? సహకార సంఘం గోడౌన్ కాపలా చూసుకునే మనిషిని ఇన్‌ఫార్మర్‌గా పెట్టుకున్నది తనే. "ఊరికే చూస్తాండు బాలప్పన్నా, నీకేం కాదు" అని మాటిచ్చిందీ తనే. నిఘా విభాగంలో పదిహేనేళ్ళ సర్వీసులో అతను ఆడని అబద్ధం లేదు. నిజమనుకుని ఆడింది మాత్రం ఇదొక్కటే. అదే ఇప్పుడు నిద్రపోనివ్వడం లేదు.

గురువారం అనంతపురం గెస్ట్‌హౌస్‌లో శాటిలైట్ ఫోన్ మోగింది. 2003 డిసెంబరు నెల.

"త్వరలో పొరుగు దేశాల సభ," అన్నాడు చీఫ్. "మనలో మనం సుంకాలు తగ్గించుకునే ఒప్పందం. వేరుసెనగ ఆ లిస్టులో ఉంది. సరుకు కొనే కొలంబో వాళ్ళ ఇన్‌స్పెక్టర్ రేపు యాడికిలో శాంపిల్ తీసి సీలు వేస్తాడు. ల్యాబ్‌లో బూజు విషం బయటపడిందా, వేరుసెనగ లిస్టులోంచి ఎగిరిపోయినట్టే."

"ఎవరికి లాభం సార్?"

"ఆర్డెన్ గ్లోబల్. సముద్రాల అవతలి కంపెనీ. పొరుగువాడు కొనకపోతే మీ జిల్లా పంట వాళ్ళు అడిగిన ధరకే పోతుంది."

"అసలు మనకేది మంచిది సార్? పొరుగుతో బేరమా, ప్రపంచంతోనా?"

"అది పార్లమెంటు తేల్చుకుంటుంది. బూజు తేల్చకూడదు. నీ పని అంతవరకే. మన మనిషి అక్కడ నిన్ను కలుస్తుంది."

శుక్రవారం పదకొండింటికి జిలాన్ లుంగీ, తలగుడ్డతో హమాలీ వేషంలో గోడౌన్‌లో ఉన్నాడు. మేకుకు తగిలించిన బాలప్ప టవలు గాలికి కదిలినప్పుడల్లా అటు తిరుగుతున్నాడు. మనిషి ఉన్నాడేమోనని.

ఎగుమతి అధికారి పద్మప్రియ జీపు దిగింది. నల్ల కళ్ళద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర. ఆ దుమ్ములో ఆమె మీద ఒక్క మరకైనా లేదు.

"ఈ ఏడు వాన పడిందా?" అంది.

"పడింది. పక్క మండలంలో."

కోడ్ సరిపోయింది. ఆమె అతని చేతిలో ఒక పెన్ను పెట్టింది. "అల్ట్రావయొలెట్ లైటు. బూజుంటే పచ్చగా మెరుస్తుంది."

శాంపిల్ తీయబోయే ఇరవై మూటల్లోనూ చీకటి మూలలో లైటు వేసి చూశాడు. ఏదీ మెరవలేదు.

"బాలప్ప పొరబడ్డాడు, పాపం," అంది పద్మప్రియ. "అయినా బాషా, ఈ పొరుగు వ్యాపారం ఎందుకండీ? వాళ్ళదీ మన కరువే కదా. ప్రపంచమంత మార్కెట్ పిలుస్తుంటే?"

"కదిరిలో మా నాయనకు నూనె మిల్లుండేది మేడమ్. ఓడల్లో పామాయిలు దిగినాక మూసేసినాడు. ఆ ప్రపంచం మా ఇంటికి ఒకసారి వచ్చిపోయింది."

"పొరుగు దేశం నుంచి దిగిన వనస్పతి తక్కువ మిల్లులు మూయించిందా?"

అదీ నిజమే. జిలాన్‌కూ తెలుసు.

బల్ల దగ్గర కొలంబో ఇన్‌స్పెక్టర్ శాంపిల్ డబ్బా నింపి, కొవ్వొత్తి మీద లక్క కరిగిస్తున్నాడు. అప్పుడే బాలప్ప భార్య మారెక్క మొగుడి టవలూ టిఫిన్ డబ్బా తీసుకుపోదామని వచ్చింది. అలవాటు కొద్దీ విప్పిన మూటలోంచి గుప్పెడు గింజలు తీసి నోటి దాకా తెచ్చింది. జిలాన్ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియదు. ఆ ఇంట్లో ఇంకో చావు చూడలేడు, అంతే.

మారెక్క అరచేతిలోకి చూసుకుంది. "ఇవి మావి కాదప్పా."

"ఎట్ల చెప్తావక్కా?"

"మేం పదిమంది ఆడోళ్ళం నెలపొద్దులు చేత్తో ఒలిచినాం. చేత్తో ఒలిస్తే గింజ బద్దలు కాదు, పొట్టు లేవదు. ఇవి చూడు, సగం బద్దలు. కాయల మీద నీళ్ళు చల్లి మిషన్‌కేసినారు. ఆరకుండానే మూట కట్టినారు. లోపల బూజు పట్టక ఏమైతాది?"

ఆర్డెన్ గ్లోబల్‌కు ఓడలున్నాయి, ల్యాబులున్నాయి. చేత్తో ఒలిచే పదిమంది ఆడవాళ్ళు మాత్రం దొరకలేదు. జిలాన్ పెన్ను వంక చూశాడు. ఇచ్చింది పద్మప్రియ. వెలిగేది మామూలు నీలం బల్బు.

"సీలు ఆపండి," అన్నాడు.

పద్మప్రియ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు బయటికి వచ్చింది. "సీలు వేయనివ్వండి బాషా. బాలప్పలాగా తొందరపడకండి."

ఆ మాట వినగానే మొగుణ్ణి చంపించింది ఈమేనని మారెక్కకు అర్థమైంది. పక్కనే ఉన్న చేటెడు పొట్టు ఎత్తి పద్మప్రియ మొహాన కొట్టింది. పేలిన గుండు పైరేకును చీల్చుకుపోయింది. జిలాన్ ఆమె మణికట్టు విరిచి పిస్తోలు లాక్కున్నాడు. డబ్బా మీద పడాల్సిన లక్క చుక్క బల్ల మీద పడి గట్టిపడింది. ఇన్‌స్పెక్టర్ బల్ల కింద ఉన్నాడు.

అసలు మూటలు వెనక షెడ్డులో టార్పాలిన్ కింద దొరికాయి. ఈసారి శాంపిల్ వాటిలోంచే తీశారు. పోలీసులు పద్మప్రియను తీసుకుపోయారు. సరుకు ఎక్కించడానికి లారీ వచ్చి నిలబడింది. చీఫ్ ఫోన్‌లో శభాష్ అన్నాడు. జిలాన్‌కు అది సరిగా వినపడలేదు, చెవిలో ఇంకా గాజు పగులుతూనే ఉంది.

మారెక్క టవలు మడిచి సంకన పెట్టుకుని అతని ముందుకొచ్చింది. "మా ఆయన్ను ఈ పనికి పెట్టిందెవరప్పా?"

తెలియదని చెప్పొచ్చు. డిపార్ట్‌మెంటు రూలు కూడా అదే.

"నేనేనక్కా. ఏం కాదని మాట కూడా ఇచ్చినా."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. లారీ వైపు చెయ్యి చూపింది. "అట్లయితే ఆ మూటలెత్తి లారీలో ఎయ్యి. ఇయ్యాల ఆయనుంటే ఆయనే ఎత్తేటోడు."

జిలాన్ వంగి మొదటి మూట వీపుకెత్తుకున్నాడు. పదిహేనేళ్ళుగా దేశాన్ని మోస్తున్నానని అనుకుంటున్నాడు కానీ, అందులో ఒక్కొక్క మూట ఎనభై కిలోలుంటుందని ఏ బ్రీఫింగులోనూ చెప్పలేదు.