నీలాకు గిన్నె

హులిగమ్మ గిన్నె మీది పళ్లెం మళ్లీ ఎత్తింది.

"చూడు, మారుతాంది," అంది గుసగుసగా.

పక్కింటి సుంకమ్మ గిన్నెలోకి వంగింది. లోపల పచ్చటి ముద్ద ఉంది. చూస్తుండగానే ఆ పచ్చదనం మీద నీలిరంగు తేలింది. హులిగమ్మ పుల్లతో కలిపింది. నీలం మునిగిపోయింది, మళ్లీ పచ్చన. కాసేపు ఆగితే మళ్లీ నీలం!

సుంకమ్మ తెరిచిన నోరు మూయలేదు. ఇద్దరూ ఎమ్మిగనూరు నేతగాళ్ల పిల్లలే. కానీ వాళ్ల ఇళ్లకు నూలు సొసైటీ నుంచి రంగు పట్టించే వచ్చేది. రంగు తనంతట తాను మారడం వాళ్లెప్పుడూ చూడలేదు.

హులిగమ్మ ఒక తెల్లగుడ్డ పేలికను ముద్దలో ముంచి ఎండకు పట్టుకుంది. పచ్చగా పైకొచ్చిన పేలిక ఆమె చేతిలోనే నీలంగా మారిపోయింది. వీధిలో పిల్లలంతా పోగయ్యారు. అందరికీ చూపించడానికి మూత ఎన్నిసార్లు తీసిందో ఆమెకే తెలియదు. గారడీవాడికి కూడా అంత గర్వం ఉండదు.

అసలు ఆ ముద్ద ఆడుకోవడానికి కాదు. అది హులిగమ్మ చిన్నాయన తలకు వేయాల్సిన రంగు.

చిన్నాయన నరసప్ప మామూలు రోజుల్లో మగ్గం నేస్తాడు. నాటకం ఉన్న రోజు రాణి అయిపోతాడు. ఆ కాలంలో ఊళ్లలో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవాళ్లు. మిగతావాళ్లు పెట్టుడు జుట్టు పెట్టుకుంటే, నరసప్ప మాత్రం నడుము దాకా సొంత జుట్టు పెంచాడు. "ఎరువు సొమ్ము బరువు చేటు," అనేవాడు నవ్వుతూ. రాణి కొప్పు విప్పి, జుట్టు విరబోసుకుని శపథం చేసే చోట జనం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు.

నిరుడు ఆదోనిలో మాత్రం వేరుగా జరిగింది. పెట్రొమాక్స్ లైట్ల వెలుగులో కణతల దగ్గర తెల్లవెంట్రుకలు తళతళా మెరిశాయి. జనంలోంచి ఎవరో, "రాణెమ్మా, మనవరాలి పెండ్లి ఎప్పుడు?" అని అరిచారు. అందరూ ఘొల్లున నవ్వారు. చిన్నాయన పద్యం మరిచిపోయి అట్లాగే నిలబడిపోయాడు.

ఈసారి కూడా తెలుపు కనబడితే రాణి వేషం ఇంకొకరికి ఇస్తానని నాటకం పెద్ద గోవిందన్న తేల్చి చెప్పేశాడు. ఆ నాటకం రేపే, మళ్లీ ఆదోనిలోనే.

అందుకే పొద్దున అవ్వ అంజనమ్మ కొడుకు తలకు గోరింటాకు పట్టించింది. కణతల వెంట్రుకలు మహా మొండివి. ఒట్టి గోరింటాకుకు ఎర్రబడతాయే తప్ప నల్లబడవు. దాని మీద నీలాకు, అంటే నీలిమందు చెట్టు ఆకు పొడి, నీళ్లలో కలిపి వేయాలి. "నేను పిలిచినాకనే పొడిలో నీళ్లు పొయ్యి. పోసినాక మూత తియ్యొద్దు," అని అవ్వ మనవరాలికి మరీ మరీ చెప్పింది. హులిగమ్మ బుద్ధిగా తలూపింది. అవ్వ పెరటి బావి దగ్గర గోరింటాకు కడగడానికి పోయిందో లేదో, నీళ్లు పోసేసింది.

అవ్వ పిలిచినప్పుడు ఏమీ ఎరగనట్టు గిన్నె తీసుకెళ్లి ఇచ్చింది. అవ్వ ముద్దంతా తలకు పట్టించి, ఆముదపాకులు కప్పి, గుడ్డ చుట్టింది. పొద్దు వాలేటప్పుడు కడిగింది.

కణతలు రెండూ కోడిపుంజు తురాయిలాగా ఎర్రగా ఉన్నాయి.

చిన్నాయన అద్దంలో చూసుకున్నాడు. అద్దం బోర్లించి పెట్టి, మగ్గం దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. నేయలేదు.

అవ్వకు కోపం వచ్చింది. ఆ ఆదోని అత్తరు సాయిబు పాత పొడి అంటగట్టాడని, రేపు బజారులో అందరి ముందూ కడిగేస్తానని అంది.

హులిగమ్మకు సాయిబు గుర్తొచ్చాడు. పోయినసారి అంగడికి వెళ్లినప్పుడు ఆ సాయిబే మల్లెపూల అత్తరులో దూది ముంచి ఆమె చెవిలో పెట్టాడు. ఆ వాసన రెండు రోజులు పోలేదు. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఆ సంగతి తెలిసింది తనకొక్కదానికే.

"సాయిబు మంచి పొడే ఇచ్చినాడవ్వా," అంది. "నేనే ముందే నీళ్లు పోసినాను. మూత తీసి తీసి అందరికీ చూపించినాను."

అవ్వ ఖాళీ గిన్నె వైపు చూసింది. తిట్టలేదు. దానికే హులిగమ్మకు ఎక్కువ భయమేసింది.

"నీలాకుకు మొగమాటం లేదే పాపా," అంది అవ్వ. "ముందు ఎవరు ఎదురైతే వాళ్లకు రంగు ఇచ్చేస్తాది. నువ్వు మూత తీస్తివి, అది గాలికి ఇచ్చేసింది. మీ చిన్నాయనకు ఇంకేం మిగులుతాది?"

హులిగమ్మకు ఏడుపొచ్చింది. మగ్గం దగ్గర నుంచి చిన్నాయన తల తిప్పి చూశాడు.

"పొద్దున బస్సుకు నువ్వూ రా. గిన్నె నువ్వే పట్టుకోవల్ల," అన్నాడు. "మూత తీస్తే ఏమైతాదో నీకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు."

తెల్లారి మొదటి బస్సుకే ముగ్గురూ ఆదోని చేరారు. సాయిబు దగ్గర కొత్త పొట్లం కొన్నారు. బజారులో అందరి ముందూ కడిగేస్తానన్న అవ్వ, ఆయన పిల్లల క్షేమం కూడా అడిగి వచ్చింది.

నాటకంవాళ్లకు దూది వ్యాపారి ఇంద్రసేనయ్య గోదాములో బస. లోపల బేళ్లు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. గాలి వీస్తే దూదిపింజలు లేచి తిరుగుతున్నాయి. చిన్నాయన ముంగిట్లో పీట మీద కూర్చున్నాడు. అవ్వ చెప్పినాకనే హులిగమ్మ పొడిలో గోరువెచ్చటి నీళ్లు పోసింది. కలిపింది. మూత పెట్టి, గిన్నెను ఒళ్లో పెట్టుకుంది.

వ్యాపారి కూతురు అమృతవల్లి, ఇంకా నలుగురు పిల్లలు చుట్టూ చేరారు. లోపల ఏముందని అడిగారు. ఒక్క రవ్వ చూపించమని బతిమాలారు. చూపిస్తే బెల్లం ఉండ ఇస్తానంది అమృతవల్లి. లోపల ఇప్పుడు నీలం తేలుతూ ఉంటుందని హులిగమ్మకు తెలుసు. వేళ్లు దురదపెట్టాయి. రెండు చేతులూ మూత మీద గట్టిగా అదిమి పెట్టి, మొగం గోడ వైపు తిప్పుకుంది.

అవ్వ పిడికెడు ముద్ద తీసుకునేటప్పుడల్లా హులిగమ్మ మూత తీసింది, వెంటనే పెట్టేసింది. తలంతా పట్టించాక గిన్నె అడుగున కొంచెం మిగిలింది.

"అది ఇంక నీకే. చూసుకో," అంది అవ్వ.

"చిన్నాయన తల చూసినాకనే," అంది హులిగమ్మ.

మధ్యాహ్నం అవ్వ గుడ్డ విప్పి తల కడిగింది. తడి జుట్టు చిన్నాయన వీపంతా పరుచుకుంది. నాచులాగా పచ్చగా ఉంది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"ఎట్లుందమ్మా?" అన్నాడు చిన్నాయన, వెనక్కి తిరగకుండానే.

"ఓపిక పట్టు నాయనా."

ఎండ కాస్తోంది. గాలి వీచింది. జుట్టు కొసల్లో పచ్చదనం కదిలి నీలమైంది. నీలం పైపైకి పాకింది, పాకిన చోటల్లా చిక్కబడుతూ పోయింది. పిల్లల నవ్వు ఆగిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ కలపలేదు. జుట్టు ఆరేకొద్దీ నలుపెక్కింది. చిట్టచివరికి కణతల దగ్గర ఆ మొండి వెంట్రుకలు కూడా, ఇంకేం చేస్తామన్నట్టు, నల్లబడ్డాయి.

హులిగమ్మ గిన్నెతోనే దగ్గరికి జరిగింది. ఇంత నలుపు ఆ పచ్చటి ముద్దలో ఎక్కడ దాక్కుంది? నిన్న తాను గాలికి ధారపోసింది దీన్నేనా? ఆశ్చర్యంతో ఆమెకు కళ్లు ఆర్పబుద్ధి కాలేదు.

చిన్నాయన అద్దం తీసుకున్నాడు. ఈ కణత చూసుకున్నాడు, ఆ కణత చూసుకున్నాడు. పీట మీదనే మెల్లగా నిటారయ్యాడు. తల ఒక్కసారి విసిరాడు. నల్లటి జుట్టు వీపు మీద అలలాగా లేచి పడింది. అమృతవల్లి ఒక అడుగు వెనక్కి వేసింది.

"చెలీ," అన్నాడు రాణి గొంతుతో. "నీ సేవకు మెచ్చితిమి. ఏమి వరము కావలెనో కోరుకొనుము."

హులిగమ్మ రాణి వైపు చూసింది. తర్వాత ఒళ్లో ఉన్న గిన్నె వైపు చూసింది. చేతులు రెండూ ఇంకా మూత మీదనే ఉన్నాయి.

"ఇప్పుడు మూత తీయొచ్చునా, చిన్నాయనా?"