మిషన్ స్కూలు శిలాఫలకం

ఉదయం 8:10. వన్ టౌన్ మిషన్ స్కూలు మేడ వరండా. గోడలో పెద్ద గొయ్యి. నూట యాభై ఏళ్లుగా అక్కడున్న శిలాఫలకం మాయమైంది.

పదకొండింటికి హెరిటేజ్ కమిటీ ఇన్‌స్పెక్షన్. పాత రికార్డులు ఎప్పుడో చెదలపాలయ్యాయి. బిల్డింగ్ వయసుకి ఆ రాయొక్కటే సాక్ష్యం. అది లేకపోతే స్కూలు కూలగొట్టి షాపింగ్ కాంప్లెక్స్ కట్టుకోవచ్చు.

"దొంగ దొరికేశాడు మేడమ్," అన్నాడు స్కూలు కరస్పాండెంట్ దయానందం. సఫారీ సూటు, ఘాటైన సెంటు. రోజూ భీమిలి నుంచి ఏసీ కారులో వచ్చి, ఏసీ గదిలో కూర్చుని, అదే కారులో తిరిగి పోతాడు. దాన్ని విద్యాసేవ అంటాడు.

ఆయన చూపించింది వాచ్‌మన్ తవిటయ్యని. ఇరవై రెండేళ్ల సర్వీసు. కానిస్టేబుల్ ఎల్లారావు అప్పటికే అతని చెయ్యి పట్టుకున్నాడు.

ఎస్సై జయశీల నోట్‌బుక్ తీసింది.

"రాయి చివరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న సాయంత్రం ఆరింటికి. వెంటనే మేడకి తాళం వేసి తాళంచెవి వీడికిచ్చాను."

"అంతకుముందు?"

"వీడు నాలుగు రోజులు లీవు. తాళంచెవి నా దగ్గరే ఉంది."

"డూప్లికేట్?"

"లేదు."

జయశీల తవిటయ్య వైపు తిరిగింది. "రాత్రి మేడెక్కావా?"

"నేదమ్మా. సాయంత్రం కింద వరండాలో కమిటీవోలికి కుర్సీలేసి తుడిసినాను. పొద్దున అయ్యగారే తాళం తీయించి పైకెల్లి కేకేసినారు. నాను దొంగనైతే నా పెల్లాం పిల్లల్ని ఈ వీధిలో ఎవులు బతకనిత్తారమ్మా?"

"నాటకాలు!" అన్నాడు దయానందం.

జయశీల గొయ్యి అడుగున వేలు పెట్టి రుద్దింది. కిందికి వెళ్లి ఒక కుర్చీ మీద కూడా వేలితో రుద్దింది. 8:40కి పైకొచ్చింది.

"దయానందం గారూ, ఈ గోడని ఎప్పుడైనా ముట్టుకున్నారా?"

"నాకేం పని?"

"అదే మీ కొంప ముంచింది. నాను పుట్టింది ఈ పక్క వీధిలోనే. పోర్టు నుంచి నల్లదుమ్ము రోజూ వచ్చి పడుతుంది. ఇక్కడ ప్రతి ఇల్లాలూ పొద్దున్నే తుడిచేది దాన్నే. నిన్న సాయంత్రం తుడిచిన కుర్చీకి నా వేలు కాస్త మాసింది, అంతే. రాయి రాత్రి పెరికితే ఈ సున్నం ఇంకా తెల్లగా ఉండాలి. చూడండి."

గొయ్యి అడుగంతా నల్లగా ఉంది. ఆమె వేలు రుద్దిన చోట మాత్రమే తెల్లసున్నం కనిపిస్తోంది.

"ఇది మూడు నాలుగు రోజుల దుమ్ము. అప్పుడు తవిటయ్య లీవులో ఉన్నాడు. తాళంచెవి మీ జేబులో ఉంది. మరి నిన్న ఆరింటికి ఏటి చూశారు?"

 

జయశీల భీమిలి స్టేషన్‌కి ఫోన్ చేసి దయానందం ఇల్లు సోదా చేయమంది. 9:35కి జవాబొచ్చింది. రాయి దయానందం పెరట్లో దొరికింది. అక్షరాలు నేలకి బోర్లించి, దాని మీద పనిమనిషి బట్టలుతుకుతోంది. నూట యాభై ఏళ్ల చదువుకి ఈ పెద్దమనిషి కనిపెట్టిన ఉపయోగం అది! జయశీలకి ఒళ్లు మండిపోయింది.

"కమిటీ వచ్చేలోగా రాయి ఇక్కడుండాలి," అని ఫోన్ పెట్టేసింది. ఎల్లారావు తవిటయ్య చెయ్యి వదిలి దయానందాన్ని పట్టుకున్నాడు.

మెట్ల దగ్గర దయానందం ఆగాడు. అరెస్టయినా అలవాటు పోలేదు.

"ఒరే తవిటయ్యా, నా బ్యాగు జీపులో పెట్టు."

తవిటయ్య కదల్లేదు. ఇరవై రెండేళ్లుగా వంగిన మనిషి నిటారుగా నిలబడ్డాడు.

"నువ్వే మోసుకో."