అత్తకు పెట్టని అన్నం

"ఏంది వదినా ఇది! మీరంతా వరిబువ్వ తింటాండారు, మా అమ్మ మాత్రం రెండు జొన్నరొట్టెలు నములుకుంటా కూర్చోవాల్నా?"

ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఆడబిడ్డ ప్రేమకుమారి గడపలోనే నిలబడి అరుస్తుంటే లూదియా నిలువునా నీరైపోయింది. వీధిలో ఇరుగుపొరుగు తలలు బయటపెట్టి చూస్తున్నారు... ఎంత సిగ్గు! ఎంత అవమానం!

అత్త మణెమ్మకు చక్కెర జబ్బు వచ్చి చాలా కాలమైంది. కర్నూలు నుంచి పరంజ్యోతి అనే డాక్టరమ్మ నెలకోసారి వీళ్లుండే నంద్యాలకు వచ్చి, పెద్దవయసులో పట్టుకునే ఈ జబ్బు మీద పరిశోధన చేస్తోంది. జబ్బు వచ్చినవాళ్లకు కాలో కన్నో పోకుండా కాపాడటమెలా, వాళ్ల పిల్లలకు అసలు రాకుండా ఆపటమెలా అన్నదే ఆమె పట్టుదల. లూదియా తనే అత్తను తీసుకుపోయి అందులో చేర్పించింది. అప్పటినుంచి అంతా కొలత ప్రకారమే తిండి. రోజూ సాయంత్రం అత్త పాదాలు కడిగి, పుండేమన్నా లేచిందేమోనని వేళ్ల సందులు కూడా విడదీసి చూసేది. "ఒక్క ముద్ద బువ్వ పెట్టమ్మా" అని ఆ ముసలి ప్రాణం చంటిపిల్లలా చెయ్యి చాపితే, లేదని చెప్పి వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది!

"డాక్టర్లు చెప్పినారని కడుపు మాడుస్తావా? నీ కన్నతల్లి అయితే ఇట్ల చేస్తావా?"

తల్లి ముఖమే ఎరుగని లూదియా గుండెలో ఆ మాట ముల్లులా దిగింది. భర్త వైపు చూసింది. గోస్పాడు బడిలో పంతులైన మత్తయి, నలభైమంది పిల్లలను గదమాయించే మనిషి, చెల్లెలి ముందు తల దించుకున్నాడు.

"పోనీలే లూదియా... అమ్మను కొన్నాళ్లు ప్రేమ ఇంట్లో ఉండనీ."

బస్సెక్కేముందు మణెమ్మ కోడలి గడ్డం పట్టుకుంది. "దాని మనసు కష్టపెట్టలేనమ్మా. తొందరగా వస్తాలే."

"ప్రేమా, మాత్రలు మానొద్దు. కాళ్లు రోజూ చూస్తాండు..."

"మా అమ్మను చూసుకునేది నువ్వు నేర్పాల్నా?" అంటూ ప్రేమకుమారి ముఖం తిప్పుకుంది.

ఆళ్లగడ్డలో ప్రేమకుమారి తల్లికి ఏ లోటూ చేయలేదు. నెయ్యి పోసి బువ్వ పెట్టింది, ఓళిగలు పెట్టింది, పాయసం పెట్టింది. తల్లి ముఖంలో నవ్వు చూసి, ఇన్నాళ్లూ వదిన కాల్చుకు తిన్నదనే నమ్మింది. ఒకరోజు పెరట్లో మణెమ్మ అరికాలిలో తుమ్మముల్లు దిగింది. ఆ జబ్బుతో మొద్దుబారిన కాలు... నొప్పి తెలియలేదు. ఎవరూ చూడలేదు. వాసన వచ్చి చూసేసరికి పాదం చీలమండ దాకా నల్లబడిపోయింది!

కర్నూలు ఆసుపత్రిలో మోకాలి పైదాకా కాలు తీసేశారు. కబురందుకుని పరుగున వచ్చిన లూదియా కాళ్లమీద పడిపోయింది ప్రేమకుమారి. "వదినా! మా అమ్మను నేనే కుంటిదాన్ని చేసినా!"

తిట్టు లూదియా నోటిదాకా వచ్చింది. ఎన్ని నిష్ఠూరాలు పడింది తను! కానీ మంచం మీద మణెమ్మ కళ్లు తెరిచింది.

"దాన్ని ఏమీ అనాకు లూదియా. అది ప్రేమతోనే పెట్న్యాది. నేనూ ఆశపడి తిన్యా గదా..." కోడలి చెయ్యి అందుకుంది. "నువ్వు పెట్టకుండా వంటింట్లో ఏడుస్తాంటే వినలేదనుకున్యావా? పెట్టేది ఎవరికైనా చేతనైతాది. పెట్టకుండా ఓర్చుకునేది నీకే చేతనైందమ్మా!"

అన్నేళ్లలో మొదటిసారి లూదియా అత్త ఎదుటే బావురుమంది. తర్వాత కళ్లు తుడుచుకుని ఆడబిడ్డను లేపింది.

"ప్రేమా, నువ్వు ఏడ్చేది చాలు. డాక్టరమ్మ పరీక్షకు జబ్బోళ్ల పిల్లల రక్తం కూడా అడుగుతాంది గదా, మీ అన్నా నువ్వూ ఇయ్యండి."

మత్తయికి ఏమీ లేదని తేలింది. ప్రేమకుమారికి మాత్రం జబ్బు తొంగి చూస్తోంది! డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఇంకా ముదరలేదమ్మా. తిండి మార్చి, రోజూ నడిస్తే ఆగుతుందేమో చూద్దాం. ఖాయమని చెప్పలేను. మేం తెలుసుకోవాలనుకునేదే అది."

ఇంటికి తెచ్చాక మణెమ్మ ఎన్నాళ్లో బతకలేదు. రెండో కాలికీ పుండు లేచింది. జొన్న కోతలప్పుడు ఒక మధ్యాహ్నం, కోడలి ఒళ్లో తల పెట్టుకునే కన్ను మూసింది...

సమాధి మట్టి ఇంకా ఆరలేదు. డాక్టరమ్మ నంద్యాల వచ్చే రోజు మళ్లీ వచ్చింది. తల్లే లేని ఇంటికి ప్రేమకుమారి ఇక వస్తుందో రాదో అనుకుంటూ వాకిట్లో నిలబడింది లూదియా. తొలి బస్సు దిగి, వాడిపోయిన ముఖంతో ఆమె నడిచి వస్తోంది.

"పరగడుపునే వచ్చినా వదినా. రక్తం ఇచ్చేదాకా ఏం తినొద్దన్యారు గదా. నువ్వన్నా తిన్యావా?"

లూదియా తల అడ్డంగా ఊపింది.

"నీకెందుకు వదినా పస్తు? నీకు పరీక్ష లేదు గదా!"

"నువ్వు తినకుండా వస్తాంటే నాకెట్ల దిగుతాది ప్రేమా?"

లూదియా తలుపు మూసి, ఆడబిడ్డ చెయ్యి పట్టుకుని వీధిలోకి దిగింది.