భోపాల్‌కు గొడుగులు, కాకినాడకు రగ్గులు

“వైకుంఠం గారంటే ఎవరండీ?”

లాడ్ బజార్ వెనుక గల్లీలో గొడుగులు, రగ్గుల హోల్‌సేల్ దుకాణం. వైకుంఠం దేవుడి పటానికి దీపం పెట్టి అప్పుడే గల్లా దగ్గర కూర్చున్నాడు. ఆయన తలెత్తేలోపే పక్కన చాయ్ తాగుతున్న కొడుకు విశాల్ గ్లాసు దించి గుమ్మం వైపు తిరిగాడు. ఆ మనిషిని అతనెన్నడూ చూడలేదు. గొంతు మాత్రం రోజూ పొద్దున్నే వింటాడు.

“నేనే బిడ్డా. నువ్వెవరు?”

“నా పేరు స్రవ్య. రేడియోల దేశం మొత్తం వాతావరణం చదువుత. నేను తప్పు చదివిన అని మీరు ఫోన్ చేసిన్రంట. రేపటి నుంచి రావద్దన్నరు.”

వైకుంఠం ముఖం చిన్నబోయింది. “నీ కొలువు తీయమనలే బిడ్డా. నువ్వు చెప్పినవనే మావోడు భోపాల్‌కు గొడుగులు, కాకినాడకు రగ్గులు పంపిండు. భోపాల్‌ల చుక్క వాన లేదు. కాకినాడోళ్లేమో మోకాళ్లలోతు నీళ్లల్ల నిలబడి, ఈ రగ్గులేం చేసుకోవాలె అని తిడుతున్నరు.”

“నేను చదివింది మళ్లా చెప్తా వినుండ్రి. రాజస్థాన్‌ల వానలు వెనక్కు మళ్లినయి. కశ్మీర్‌ల చలి మొదలైంది. భోపాల్‌ల మబ్బు ఇడిసింది, రాత్రిళ్లు చల్లగుంటది. కాకినాడ దిక్కు వాయుగుండం, మస్తు వానలు. దీంట్ల తప్పేముంది అంకుల్?”

వైకుంఠం కొడుకు వైపు తిరిగాడు. “ఏమిన్నవ్‌రా నువ్వు?”

వాన కురిపించేది పైవాడే అయినప్పుడు, అది ఎక్కడ పడుతుందో ముందే చెప్పడం ఎంతవరకు సబబని వైకుంఠానికి ఎప్పటినుంచో ఒక అనుమానం. ఇప్పుడు తాను నోరు మెదపకపోతే తండ్రి ఆ అనుమానమే నిజమనుకుంటాడని, ఆ అమ్మాయి కొలువు పోతుందని విశాల్‌కు తెలుసు. నిజం చెబితే పోయేది తన పరువు.

“ఆమెది తప్పేం లేదు బాపు. నేనే ఉల్టా పంపిన. నువ్వు కోప్పడ్తవని రేడియో మీదికి తోసిన.”

“రోజూ చెవి అతికించుకొని ఇంటవు గదరా?”

“ఇంట. గొంతే ఇంట. ఏ ఊర్ల ఏముందో తలకెక్కది.”

స్రవ్య కోపంగా చూద్దామనుకుంది. పెదవులు మాట వినలేదు. “అంటే, నా గొంతే నా కొలువుకు ఎసరు పెట్టిందా?”

వైకుంఠం ఫోన్ అందుకుని రేడియోవాళ్లకు చేశాడు. “సార్, మీ పిల్ల సక్కగనే చదివింది. మావోడే సక్కగ లేడు. జర మాఫ్ చెయ్యిన్రి.” రేపు యథాప్రకారం రమ్మని అవతలివాళ్లు అనేదాకా ఆయన పెట్టేయలేదు.

దుకాణం వెనుకే ఇల్లు. అంతా వింటూ నిలబడ్డ విశాల్ తల్లి నాగమణమ్మ కుంకుమ భరిణెతో బయటికొచ్చింది. వచ్చిన ఆడపిల్ల బొట్టు లేకుండా పోగూడదని స్రవ్య గడ్డం పట్టుకుని నొసట బొట్టు పెట్టింది. పెట్టాక కూడా ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది.

“మీ ఇల్లు యాడ బిడ్డా?”

“మలక్‌పేట ఆంటీ.”

“మీ అమ్మతోని ఒక ముచ్చట మాట్లాడాలని ఉంది. నీకు ఇష్టమైతేనే.”

స్రవ్య విశాల్ వైపు ఓరగా చూసింది. “ముందు ఈయనకు పరీక్ష ఉంటది. రోజూ సాయంత్రం ఫోన్ చేస్త. పొద్దున నేను చదివిందంతా ఒప్పజెప్పాలె.”

“ఫోన్ల గూడ మీ గొంతే ఉంటది గద,” అన్నాడు విశాల్ దిగులుగా. “ఇగ నేనేం పాసయిత?”

“ఫెయిలైతే మర్నాడు మళ్లా చేస్త,” అంటూ స్రవ్య అతని నంబరు అడిగింది.