గెలిచిన ప్రతిసారీ ఓడిన అగ్నిసేనుడు

"లింబయ్యన్నా, గీ సీరియల్ రాసెటాయన జిందగీల ఉల్లిగడ్డన్న కోసిండంటవా?"

1968 వానాకాలం. కంఠేశ్వర్‌లోని అద్దె పుస్తకాల దుకాణంలో తారాబాయి వారపత్రికను దుకాణదారు లింబయ్య ముందు బల్ల మీద ధన్‌మని పడేసింది.

ఆ రాసేటాయన పక్కనే నిలబడి, అచ్చులో తన పేరు ఎంత అందంగా ఉందో పదకొండోసారి చూసుకుంటున్నాడు. పేరు రాజనర్సు. బోధన్ దగ్గర చెరుకు రైతు కొడుకు. టౌన్ స్కూల్లో తెలుగు సారు. అతని జానపద సీరియల్‌లో హీరో అగ్నిసేనుడు ఒక్క వేటుకు ఏడుగురిని నరుకుతాడు. ఎనిమిదోవాడు మొహమాటానికి తనే పడిపోతాడు.

"తప్పేముందో జర చెప్తరా?" అన్నాడు రాజనర్సు.

"గెలిచినంక మీ హీరో ఏం చేస్తడు?"

"కత్తి మొన నేలల గుచ్చి ఛాతీ విరుస్తడు. వీరభంగిమ!"

"మా బాపు కత్తిసాము నేర్పెటి తాలీంల మొన నేలకు ఆనిస్తే 'ఓడిపోయిన, ఇడిసిపెట్టు' అని అర్థం. ఇరవై వారాలసంది మీవోడు గెలుసుడు, ఎంటనే మాఫీ అడుగుడు. మా పహిల్వాన్లు నవ్వలేక సస్తున్నరు."

రాజనర్సు మొహం ఎర్రబడింది. తారకు అర్థమైపోయింది.

"మీరేనా? అయ్యో, చెప్పకపోతిరి! ఇంకిన్ని తిడుతుంటి గద."

బయట వాన మొదలైంది. ప్రేమకథల్లో లాగే గొడుగు ఒక్కటే ఉంది. అది ఆమెది. విప్పుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్నే రాజనర్సు ఆమె బాపు తాలీంకు పోయాడు. కుస్తీ, కత్తిసాము నేర్పే ఆ బాపు, వస్తాదు తుకారాం, అతన్ని కిందికీ మీదికీ చూశాడు.

"కత్తి తర్వాత సారూ. ముందుగల్ల నిలబడుడు నేర్సుకో."

నాలుగు ఆదివారాలు నిలబడడమే నేర్చుకున్నాడు. పడడానికి మాత్రం గురువు అవసరం రాలేదు. ఐదో వారం చేతికి కట్టెకత్తి వచ్చింది. వెంటనే తను కనిపెట్టిన గరుడవేటు చూపించాడు. గాల్లో రెండు చుట్లు తిరగాలి. ఒకటిన్నర తిరిగి ఇసుకలో బోర్లా పడ్డాడు.

"గరుడపక్షి దిగింది!" అంది తార.

మండిపోయి లేచి, వంగి, అక్కడ పాతిన గుంజకు మొదట్లో ఒక వేటు, మణికట్టు తిప్పి కొసన ఇంకో వేటు వేశాడు. తుకారాం మీసం మీది చెయ్యి ఆగిపోయింది.

"గిది ఏడ నేర్సినవ్?"

"చెరుకు నరుకుడు వస్తాద్. చిన్నప్పటిసంది బాపుతోని నరికిన."

తార నవ్వకపోవడం అదే మొదటిసారి. "గిది రాయి. కాళ్ళు నిజంవి పెట్టు. పైన కత్తిని ఎన్ని అబద్ధాలన్న ఆడనియ్యి, నమ్ముతరు."

రాశాడు. అచ్చయ్యాక "మంచిగుంది" అంది తార. ఆ వారం పరీక్ష పేపర్లు దిద్దిన రాజనర్సు క్లాసునంతా పాస్ చేసేశాడు.

ఆ సంతోషం ఎనిమిది రోజులు. తర్వాత దుకాణంలో తార చెప్పింది.

"రేపటి టపాల వేల్పూరోళ్ళకు కబురు పోవాలె, ఆదివారం నన్ను సూసెతందుకు రావాల్నా వద్దా అని. పసుపు చేన్లున్నయట. పిలగాడు పుస్తకాలు ముట్టడట."

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట? అనెటోడు ఒకడు అనాలె గద. ఆయనకు ఏడుగురిని నరుకుడు వస్తది గని, ఒక్క మాట నోట్లకెల్లి రాదు."

రాజనర్సు సీదా తాలీంకు నడిచాడు. దారిలో నాలుగు ఉపమానాలు, ఇద్దరు చంద్రులతో ఒక ప్రసంగం తయారైంది. తుకారాంను చూడగానే చంద్రులిద్దరూ అస్తమించారు.

"వస్తాద్, నాకు కత్తిసాము రాదు. ఇగ రాదు కూడ. తారంటే నాకు పాణం. గంతే."

తుకారాం మీసం దువ్వాడు. "తాలీంకొచ్చి 'నాకు రాదు' అన్న మొదటి మొగోడివి నువ్వే." వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు. "ఏమంటవ్ బిడ్డా?"

"ఏమంట బాపు? గీయన గోస సూడలేకపోతున్న."

తుకారాం నవ్వి పోస్టుకార్డు తెచ్చాడు. "వేల్పూరోళ్ళకు రావద్దని రాయి సారూ. నీ చేతిరాత మంచిగుంటదట."

రాజనర్సు పెన్ను తీసి 'ఉదయభానుని అరుణకిరణములు' అని మొదలుపెట్టాడు. తార కొట్టేసింది.

"మా పిల్లకు పెండ్లి ఖాయమైందని రాయి. చాలు."

"ఎవలతోనని రాయొద్దా?"

"రాయి. అగ్నిసేనుడని రాసేవు! రాజనర్సు అని రాయి."