ఐసు ఫ్యాక్టరీ మేడ మీద గొంతు

వరహాలుకి ఒక సుగుణం ఉంది. తన చేత్తో బిగించిన దాన్ని మళ్ళీ విప్పి చూడడు. ఫ్యానైనా, ప్లగ్గైనా, కంప్యూటరైనా ఒకసారి బిగించాడంటే అంతే. విప్పి చూడటమంటే తన చేతిని తనే అవమానించుకోవడమని అతని ఉద్దేశం. కంప్యూటర్ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. సబ్బవరం నుంచి విశాఖపట్నం వచ్చిన కొత్తలో పాతసామాన్ల కొట్లో ఒక్కో డబ్బా కొని, విప్పి, బిగించి, ఇంకోటి కొని విప్పి నేర్చుకున్నాడు. బిగించిన ప్రతిసారీ ఓ స్క్రూ మిగిలేది. దాన్ని పొదుపు అనేవాడు.

ఈ సుగుణం వల్లే... ఫిషింగ్ హార్బర్‌లో ఒక రాత్రి పోయినవాడు మాట్లాడాడు. అక్కడివాళ్ళు చెప్పుకునే మాట ఇది.

హార్బర్ చివర్లో మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. దాని మేడ మీద రేకుల గది. గదిలో బోట్ల సంఘం వాళ్ళ రేడియో. కింద యంత్రాలు ఆగి చాలా కాలమైంది గానీ, గోడల్లో చల్లదనం మాత్రం ఇంకా పోలేదంటారు. ఎందుకు పోలేదంటే... సముద్రం ఒడ్డుకు చేర్చినవాళ్ళని, అయినవాళ్ళు వచ్చేదాకా, ఒకప్పుడు ఆ ఐసులోనే పడుకోబెట్టేవారట. అందుకే పొద్దుగూకాక ఆ మెట్లెక్కేవాడు లేడు. హార్బర్ పిల్లులు కూడా, చేప తల చూపించినా, కింది మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

వరహాలు మాత్రం రాత్రి డ్యూటీ అడిగి మరీ తీసుకున్నాడు. ఎంత ధైర్యమో అని అందరూ అనుకున్నారు. అతనూ కాదనలేదు. అద్దె గదిలో ఎదురుచూసే మనిషి లేనప్పుడు ఎక్కడ కూర్చున్నా ఒకటే అని ఎవరికని చెబుతాడు?

పని పెద్దదేం కాదు. సముద్రంలోంచి బోట్లవాళ్ళు పిలుస్తారు, ఇతను పలుకుతాడు. వాళ్ళ మాటలన్నీ కంప్యూటర్‌లో రికార్డవుతాయి. రెండేళ్ళ కిందటి తుపాను రోజున సింహాద్రి పిలిచిన పిలుపు కూడా అందులోనే ఉంది. సింహాద్రి ఒక బోటుకి డ్రైవరు.

"వరహాలు బావా... వరహాలు బావా... ఇంటన్నావా? మబ్బు అట్టీసింది. మా పోతమ్మ మేడ మీద సేపలు ఎండేసినాది. తీసీమని సెప్పు. తడిసిపోతే మల్లీ నన్నే తిడతాది..."

ఆ తర్వాత గాలి చప్పుడు. అంతే.

బోటు రాలేదు. శవమూ రాలేదు. అందుకని అతని పెళ్ళాం పోతమ్మ బొట్టు తియ్యలేదు. పెద్దలు అడిగితే, "ఒడ్డుకి రానీండి, అప్పుడు సూద్దాం" అంది.

శుక్రవారం శుక్రవారం, చేపలమ్మకం అయ్యాక, చీకటి పడకముందే పోతమ్మ ఆ మెట్లెక్కేది. గంప గుమ్మం బయట పెట్టేది. ఇంట్లో మొగుడి ఫొటో ఉంది గానీ, గొంతున్నది ఇక్కడే. వరహాలు ఆ రికార్డు పెట్టేవాడు. ఆమె వినేది.

"అంత తుపాను నెత్తి మీదెట్టుకుని నా సేపల గురించి ఏడిసినాడు సూడన్నియ్యా!" అని నవ్వేది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. తర్వాత వరహాలు టీ కాచేవాడు. చందువా చేపల ధర, మున్సిపాలిటీ కుళాయి, పక్కింటి కోడలు... కాసేపు మాట్లాడి వెళ్ళిపోయేది. వారం మొత్తంలో ఆ మెట్లెక్కి వచ్చే మనిషి ఆమె ఒక్కతే.

"ఈ గొంతు నా ఫోన్లోకి ఎక్కించీలేవేటి?" అని ఓసారి అడిగింది.

"ఆఫీసు రూలు ఒప్పుకోదమ్మా" అన్నాడు వరహాలు.

అలాంటి రూలేదీ లేదని ఆ గదిలో అతనికీ, గోడ మీది బల్లికీ మాత్రమే తెలుసు.

అలా ఉండగా కంప్యూటర్ మందగించింది. సంఘం వాళ్ళు కొత్త మెమరీ కొనిచ్చారు. జానెడు కూడా లేని పచ్చటి పట్టీ. ఒక అంచున బంగారు పళ్ళ వరసలాగా మెరుస్తోంది. ఆ రోజు దసరా ఆయుధపూజ. కింద హార్బర్‌లో ఇంజన్లకి బొట్లు, వలలు లాగే చక్రాలకి బొట్లు, ఐసు కొట్టే మిషన్లకి బొట్లు. మేడ మీద వరహాలు మాత్రం తక్కువ తిన్నాడా? పసుపూ కుంకుమా తడిపి రేడియోకి పెట్టాడు, మైకుకి పెట్టాడు, కంప్యూటర్‌కి లోపలా బయటా పెట్టాడు. ఏదీ వదల్లేదు. మెమరీ తగిలించి, డబ్బా మూసి, నిమ్మకాయ కోశాడు. ఈసారి ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు. మురిసిపోయాడు. నిజానికి అనుమానం అక్కడే రావలసింది.

రెండు రోజులు కంప్యూటర్ గుర్రంలా పరిగెత్తింది.

తర్వాత మొదలైంది...

పగలు బాగానే ఉండేది. ఎండకి రేకులు వేడెక్కి గదంతా పెనంలా ఉన్నప్పుడు ఏ గొడవా లేదు. పొద్దువాలి, సముద్రం మీంచి చెమ్మగాలి గదిలోకి వచ్చేసరికి, తెర ఉన్నట్టుండి నీలంగా మారేది. ఆగిపోయేది. ఎవరూ ముట్టుకోకుండానే తిరిగి లేచేది. మళ్ళీ ఆగేది.

వరహాలు వైరస్‌ని అనుమానించాడు. విండోస్ తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ఫ్యాన్‌ని అనుమానించి బయటినుంచే దుమ్ము ఊదాడు. కరెంటుని అనుమానించి ప్లగ్గు మార్చాడు. వాస్తుని అనుమానించి బల్లని తూర్పుకి తిప్పాడు. మెమరీ పరీక్ష కూడా పెట్టాడు, పాసైంది. పట్టపగలు పెట్టాడు మరి. రాత్రి బోట్లు పిలుస్తుంటే పరీక్షకి తీరికేది? ఇంతమందిని అనుమానించినవాడు, కొత్తగా వచ్చిన ఆ ఒక్క పట్టీని మాత్రం అనుమానించలేదు. దాన్ని పెట్టింది తనే కదా!

శుక్రవారం పోతమ్మ వచ్చింది. బయట ముసురు.

"వరహాలు బావా..." అంది సింహాద్రి గొంతు.

తెర నీలమైపోయింది.

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అక్కడే.

"ఆయన గొంతు నాను ఇనడం ఆయనకి ఇట్టం నేదేటి?" అంది పోతమ్మ మెల్లిగా.

"అదేం కాదమ్మా. మిషను..."

"మిషనుకి నా మీద కోపమేటన్నియ్యా?"

టీ తాగకుండానే వెళ్ళిపోయింది. పై శుక్రవారమూ అంతే.

వరహాలుకి భయం పట్టుకుంది. దెయ్యమని కాదు, అప్పటికింకా కాదు. ఇలా ఆగి ఆగి ఏదో ఒకనాడు ఆ రికార్డే చెడిపోతే? ఇంకో కాపీ లేదు. లేకుండా చూసుకున్నది తనే. సింహాద్రిని సముద్రం ఒకసారి మింగింది. రెండోసారి పోతే ఆ పాపం ఎవరిది?

ఆ రాత్రి వాన పడి వెలిసింది. చంద్రుడు లేడు. కింద ఫ్యాక్టరీలో ఎక్కడో నీటిచుక్క పడుతోంది. టప్... టప్... రేడియోలో బోట్లు కూడా మాట్లాడటం లేదు. ఏదైతే అదవుతుందని వరహాలు ఆ రికార్డు నొక్కాడు.

"వరహాలు బావా..."

ఆగలేదు. ఊపిరి పీల్చుకున్నాడు.

"వరహాలు బా... బా... బా... బా... బా..."

తెర బిగుసుకుపోయింది. మౌస్ కదలదు. కీబోర్డు పలకదు. గొంతు మాత్రం పిలుస్తూనే ఉంది, మునిగిపోతున్నవాడు నీళ్ళ మీదకి తేలినప్పుడల్లా పిలిచినట్టు...

వరహాలు లేచి గోడ దగ్గర ప్లగ్గు పీకేశాడు.

అయినా గొంతు ఆగలేదు.

పైగా బల్ల కిందనుంచి ఎవరో కీచుమని ఏడవడం మొదలుపెట్టారు.

అప్పుడు అతని సుగుణాలన్నీ ఎటు పోయాయో పోయాయి. మైకు లాక్కుని, దాని బటన్ గట్టిగా నొక్కిపట్టి అరిచాడు. "సెప్పు సింహాద్రి బావా! ఇంటన్నాను! ఎక్కడున్నావు బావా? ఇంటన్నాను, సెప్పు!"

"బా... బా... బా..."

బటన్ వదిలాడు. రేడియో గరగరమంది. సముద్రంలోంచి నాగబాబు... అతనూ బోటు డ్రైవరే... గొంతు వచ్చింది.

"వరహాలు బావా... ఎవుడితో మాటాడతన్నావు? అది... అది సింహాద్రి గొంతు కాదేటి?"

వరహాలుకి అప్పుడు గుర్తొచ్చింది, బల్ల కింద యూపీఎస్ ఉందని. కరెంటు పోయినా కంప్యూటర్‌ని కాసేపు బతికించే బ్యాటరీ పెట్టె. తన చేత్తో తనే పెట్టింది. కీచుమంటున్నది అదే. వంగి, దాని మీట నొక్కాడు. గదిలో వెలుగంతా ఆ తెరదే, అదీ ఆరింది.

చీకటి. నిశ్శబ్దం. టప్... టప్...

చెమటలు తుడుచుకున్నాడు. జన్మలో మొదటిసారి, తాను బిగించిన డబ్బాని తానే విప్పాడు. ఫోన్ ఎక్కడ పెట్టాడో కనపడలేదు. చీకట్లోనే తడుముకుంటూ లోపల చెయ్యి పెట్టి, కొత్త పట్టీని పట్టుకు లాగాడు.

వేళ్ళకి తడి తగిలింది. జిగటగా.

అప్పుడే... కింద అడుగుల చప్పుడు.

చెప్పుల్లేని కాళ్ళు. తడి కాళ్ళు. ఒక మెట్టు. ఆగింది. ఇంకో మెట్టు. పిల్లులు కూడా ఎక్కని మెట్లు... ఎవరో ఎగశ్వాసతో ఎక్కి వస్తున్నారు.

తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో ఒక ఆడమనిషి. జుట్టు విరబోసుకుని ఉంది. చీర నీళ్ళు కారుతోంది. చేతిలో చిన్న వెలుగు.

"ఏటన్నాడు?" అంది.

వరహాలు వెనక్కి జరిగి బల్లకి తగిలాడు.

"ఏటన్నాడన్నియ్యా? ఎక్కడున్నాడట?"

పోతమ్మ. తెల్లవారకముందే మొదలయ్యే చేపల వేలం కోసం ఆడవాళ్ళు గంపలు తలకింద పెట్టుకుని రాత్రే వచ్చి వేలంపాక అరుగు మీద పడుకుంటారు. ఎదురుగా కట్టేసిన బోట్లలో రేడియోలు మోగుతూనే ఉంటాయి. వరహాలు మైకు బటన్ నొక్కిపట్టుకున్నంతసేపూ, స్పీకర్లోంచి వచ్చే సింహాద్రి పిలుపు అన్ని బోట్లలోకీ వెళ్ళింది. నిద్రలో ఉన్న పోతమ్మ చెవికీ చేరింది. రెండేళ్ళుగా ఒకే మాట పలికే రికార్డు కాదు... రేడియోలో, ఇప్పుడు, మొగుడు పిలుస్తున్నాడు. అవతల వరహాలు పలుకుతున్నాడు. అందుకే వాననీళ్ళలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చింది.

అబద్ధం ఒకటి వరహాలు నాలిక మీదకి సిద్ధంగా వచ్చింది. మంచి అబద్ధం. ఏదో ద్వీపం, ఏదో ఓడ... అది చెబితే ఆమె ఇంకో రెండేళ్ళు బతికేస్తుంది. శుక్రవారాలూ బతుకుతాయి.

ఆమె ఫోన్ వెలుగు అతని చేతి మీద పడింది. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మ... నెత్తురా?"

వరహాలు చెయ్యి చాపాడు. పోతమ్మ వేలితో అంటి వాసన చూసింది. ఆమె మొహం మారిపోయింది.

"కుంకం."

"కుంకమే" అన్నాడు వరహాలు. "పూజ నాడు నేనే పెట్టాను. దీని పళ్ళ మీద. ఉప్పుగాలి తగిలి, రాత్రయ్యేసరికి చెమ్మెక్కి, పట్టు తప్పుతోంది..."

"మరి ఆయన పిలిసినాడు..."

"పాత రికార్డేనమ్మా. మిషను బిగుసుకుపోయి అదే ముక్క తిప్పి తిప్పి చెప్పింది. నేను భయపడి మైకులో పలికాను."

"అయితే ఆయన కాదు."

"కాదు పోతమ్మా."

ఆమె గుమ్మానికి చేరబడింది. తర్వాత చెయ్యి తనంతట తానే నుదుటి దగ్గరకి వెళ్ళింది. వాననీళ్ళకి సగం కారిపోయిన బొట్టుని ఓసారి తడుముకుని వదిలేసింది.

"ఇలాగియ్యి" అంది.

పట్టీ తీసుకుంది. గుమ్మం పక్కన ఆరేసి ఉన్న వరహాలు తువ్వాలు అందుకుంది. నేల మీద కూచుని, చేప పొట్ట శుభ్రం చేసినంత ఓపిగ్గా, ఆ బంగారు పళ్ళ మీది కుంకుమని ఒక్కొక్క పంటికీ తుడిచింది. ఎర్రదనం మొత్తం పోయేదాకా తుడిచింది. వరహాలు చూడలేక ప్లగ్గు పెట్టే నెపంతో గోడవైపు తిరిగాడు.

బాగా ఆరనిచ్చి, పట్టీని తిరిగి బిగించాడు. కంప్యూటర్ లేచింది. రికార్డు నొక్కాడు.

"వరహాలు బావా... వరహాలు బావా... ఇంటన్నావా? మబ్బు అట్టీసింది. మా పోతమ్మ మేడ మీద సేపలు ఎండేసినాది. తీసీమని సెప్పు..."

"తీసీసినాను మావా" అంది పోతమ్మ.

అన్నాళ్ళలో ఆమె ఆ గొంతుకి బదులు పలకడం అదే మొదలు. ఈసారి నవ్వలేదు. గాలి చప్పుడు చివరిదాకా విని లేచింది.

"ఫోనియ్యమ్మా" అన్నాడు వరహాలు.

"మరి మీ ఆపీసు రూలో?"

"లేదు. ఎప్పుడూ లేదు."

"తెల్సులే అన్నియ్యా" అంది పోతమ్మ, ఫోన్ ఇస్తూ.

గొంతు ఫోన్లోకి ఎక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమె ఫోన్ జాకెట్లో దోపుకుంది. "నానొత్తాను మరి" అంది. అని, గుమ్మంలో కాసేపు నిలబడింది.

"మెట్లు తడిగా ఉన్నాయి, జాగ్రత్త" అన్నాడు వరహాలు.

వెళ్ళిపోయింది.

హార్బర్‌లో కుంకుమ సంగతి ఎవరూ నమ్మలేదు. నాగబాబు స్వయంగా విన్నాడాయె. ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీ వైపు పగలు కూడా ఎవరూ రావడం లేదు. కంప్యూటర్ మాత్రం ఆనాటినుంచి ఒక్కసారీ ఆగింది లేదు. శుక్రవారం సాయంత్రం వరహాలు అలవాటుగా రెండు గ్లాసుల టీ కాస్తాడు. చీకటి పడేదాకా మెట్లవైపు చెవి పెడతాడు. కింద నీటిచుక్క తప్ప ఏదీ వినపడదు. చివరికి రెండూ తనే తాగుతాడు.

వేలంపాక అక్కడికి కూతవేటు దూరం. దిగి వెళ్ళి పిలవొచ్చు. కానీ రికార్డు ఆమె దగ్గరే ఉంది, మిషను బాగానే ఉంది, ఏ పని చెప్పి పిలుస్తాడు? విప్పడం నేర్చుకున్నాడు, తుడవడం నేర్చుకున్నాడు. పనేమీ లేదు, ఊరికే వచ్చి కాసేపు కూర్చో అని ఒక మనిషితో ఎలా అనాలో మాత్రం వరహాలుకి ఇప్పటికీ రాదు.